ఏడాదికి జానెడు

తమ్ముడు రాఘవ ఫోన్ చేసినప్పుడు నేను వంటింట్లో పీట మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాను. "అక్కా, చేలో ఓ రాయి బయటపడింది" అన్నాడు. బోరు నుంచి పైపు వెయ్యటానికి జేసీబీతో కాలవ తవ్విస్తుంటే బకెట్ పళ్ళకి తగిలిందట. నాలుగు పలకల రాయి, నెత్తిన ప్లస్ గుర్తు చెక్కి ఉందట. చూడగానే పాతకాలపు సర్వే హద్దురాయని తెలిసిపోతోందట. "ఎక్కడ తగిలింది?" అన్నాను. "గట్టుకి ఇవతల. మన చేలోనే. పదిహేనడుగులు లోపలికి" అన్నాడు. నేను చిక్కుడుకాయల గిన్నె కింద పెట్టి, కూర్చున్న పీట మీద నుంచి లేచి నిలబడ్డాను. అది నల్లతుమ్మ చెక్కతో చేసిన పీట. యాభై ఏళ్ళ పైగా నా వెంటే తిరుగుతోంది.

"ఎవరన్నా చూశారా?" అని అడిగాను. రాయి తగిలిన చోటు విన్నాక నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట అదే. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి తెలుగు పాఠాలు చెప్పి, అబద్ధమాడిన వాళ్ళని బెంచీ ఎక్కించి, రిటైరై ఒంగోల్లో గౌరవంగా బతుకుతున్న మనిషిని. అట్లాంటి నేను అడిగిన ప్రశ్న అది. "జేసీబీ డ్రైవరు చూశాడు. వాడికేం తెలుసు, ఏదో బండనుకున్నాడు. రాయి తెచ్చి గొడ్ల చావిట్లో పెట్టించా. గుంట పూడ్పించేశా. ఎల్లుండి రీసర్వే వాళ్ళు మన చేలోకి వస్తన్నారక్కా. పొలం నీ పేరన గూడా ఉంది గదా, నువ్వొచ్చి సంతకం పెడితే అయిపోద్ది" అన్నాడు రాఘవ. వస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను. ఆ పూట కూర వండలేదు.

మర్నాడు అద్దంకి బస్సెక్కాను. అద్దంకిలో దిగి ఆటో మాట్లాడుకుంటే మా ఊరు అరగంట దారి. రోడ్డుకి రెండువైపులా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఎండ ఎక్కేకొద్దీ ఘాటు ఆటోలోకి వచ్చి గొంతులో కూర్చుంది. చిన్నప్పుడు ఈ వాసన వస్తే నాకు పండగలా ఉండేది. కాయల కోతలకి బడి ఎగ్గొట్టొచ్చు, మధ్యాహ్నం అందరితో కలిసి చేలో తినొచ్చు, సాయంత్రం మండే చేతులకి అమ్మ ఆముదం రాస్తుంది. ఇప్పుడదే వాసనకి కళ్ళ నీళ్ళు తిరుగుతుంటే, చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఆటో ఎక్కడైనా ఆగిపోతే బాగుండునని కోరుకుంటూ కూర్చున్నాను.

మా చేను మూడెకరాలు. దాని పక్కన నాగూరు మామ వాళ్ళది ఎకరన్నర. వాళ్ళ చేనుకి అవతలి పక్కన బండ్ల డొంక. మాకూ వాళ్ళకీ మధ్య ఒకే ఒక గట్టు. నాగూరు మామ దూది ఏకే మనిషి. పొలం ఉన్నా, అతని అసలు బతుకు దూది ఏకే విల్లు మీదే. ఎండలు ముదిరి పెళ్ళిళ్ళు మొదలయ్యాయంటే విల్లు భుజాన వేసుకుని పరుపులు కుట్టటానికి ఊళ్ళ మీద పడేవాడు. సత్తెనపల్లి దాకా, ఆ పైకి కూడా వెళ్ళి, తొలకరి పడ్డాక గానీ తిరిగొచ్చేవాడు కాదు. భార్య కాశింబీ మేకలు కాసుకుంటూ ఇల్లు చూసుకునేది. ఆమె మా నాన్నని అన్నయ్యా అనేది, నేను ఆమెని అత్తా అనేదాన్ని. మతాలు వేరైనా వరసలు కలుపుకోవటం మా వైపు అందరికీ అలవాటే. అందులో ఎవరికీ ఏ నటనా ఉండేది కాదు. ఉండేది కాదనే నేను చాలా కాలం నమ్మాను.

ఊరు వదిలి వెళ్ళే ముందు నాగూరు మామ మొట్టమొదట మా ఇంటి పరుపులే ఏకేవాడు. అదో లెక్క అతనికి, మా ఇంటితో మొదలుపెడితే ఆ ఏడు పని బాగా సాగుతుందని. వసారాలో పాత పరుపు కుట్లు విప్పి, గడ్డకట్టిన దూదిని కుప్పపోసి, విల్లు పట్టుకుని నారి మీటితే టంయ్ టంయ్ మని ఇల్లంతా మోగేది. దూది ముందు తుంపులు తుంపులుగా లేచి, తర్వాత పొగలా పొంగేది. పాత దూదిలో నుంచి మనుషుల చెమట వాసన, తలనూనె వాసన, ఎప్పటెప్పటి జ్వరాల వాసన బయటికొచ్చేవి. నాయనమ్మ ముక్కుకి గుడ్డ కట్టుకుని, "ఒరే నాగూరూ, నీ దూదికి నా ప్రాణం పోయేట్టుందిరా" అని తిడుతూనే అక్కడి నుంచి కదిలేది కాదు. కాశింబీ అత్త పెద్ద సూది పట్టుకుని కుట్లు వేసేది. మధ్యాహ్నం అమ్మ విస్తరి వేసి అతనికి కొసరి కొసరి వడ్డించేది. "ఈ రాత్రికి బావ ఒళ్ళు మరిచి నిద్రపోతాడు చూడు చెల్లాయ్" అనేవాడు మామ, నాన్న పరుపుని అరచేత్తో తట్టి. నాన్న నిజంగానే బాగా నిద్రపోయేవాడు. మామ ఊరు దాటిన మూడో రోజో నాలుగో రోజో పార భుజాన వేసుకుని చేలోకి వెళ్ళేవాడు.

మాది నల్లరేగడి. పత్తికీ మిరపకీ అంతకంటే మంచి నేల లేదు గానీ, దాని మీద గట్టు నిలవదు. ఎండకి నెర్రెలిచ్చి విరుగుతుంది, వానకి ఉబ్బి జారుతుంది. అందుకని తొలకరికి ముందు గట్టుని ఏటా సరిచేసుకోవాల్సిందే. ఇద్దరి గట్టునీ ఎవరు ముందు చేలో దిగితే వాళ్ళు సరిచెయ్యటం ఆనవాయితీ. నాగూరు మామ ఆ రోజుల్లో ఊళ్ళో ఉండడు కాబట్టి ఆ పని ఎప్పుడూ నాన్నదే. తెల్లటి బనీను, మోకాళ్ళ పైకి మడిచి కట్టిన పంచె, చల్లటి పొద్దున. నేను చద్దన్నం క్యారేజీ పట్టుకెళ్ళి చెట్టు కింద కూర్చుని చూస్తుండేదాన్ని. గట్టుకి మా వైపున పార ఆనించి నిలువుగా చెక్కేవాడు. చెక్కిన మట్టిని గట్టు దాటించి అవతలి వైపు వేసి కాలితో తొక్కేవాడు. ఇటు చెక్కటం, అటు వెయ్యటం. కొస నుంచి కొస దాకా అంతే. ఏడాదికి జానెడు. ఏ ఏడూ జానెడుకి మించలేదు. వాన పడితే కొత్త మట్టికీ పాత మట్టికీ తేడా తెలిసేది కాదు. మామ తిరిగొచ్చేసరికి గట్టు మీద గడ్డి మొలిచి, పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉన్నట్టు ఉండేది.

ఊళ్ళో మా నాన్నని నిప్పులాంటి మనిషి అనేవాళ్ళు. అది అబద్ధం కూడా కాదు. ఒకసారి రాఘవ ఎవరి చేలోనో దోసకాయ కోసుకొస్తే, చెవి పట్టుకుని ఆ చేను దాకా నడిపించుకెళ్ళి, కాయ తిరిగి ఇప్పించి, ఆ రైతు కాళ్ళకి దణ్ణం పెట్టించాడు. పెద్దమనుషుల తగవుల్లో నాన్న మాటంటే అవతలి వాడు కూడా నోరు మూసుకునేవాడు. అట్లాంటి మనిషి ఆ జానెడు నేల ఎందుకు తీసుకున్నాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మాకు తిండికి లోటు లేదు. ఆ జానెడులో పండే పత్తికి ఒక దిండు కూడా నిండదు. ఒకటి మాత్రం గుర్తుంది. గట్టు చెక్కిన రోజు నాన్న ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, పెరుగన్నం ఇంకొంచెం వేయించుకునేవాడు. ఆ రోజు మమ్మల్నెవర్నీ కసిరేవాడు కాదు. మేం ఆ రోజు కోసం ఎదురు చూసేవాళ్ళం.

గట్టు మధ్యలో ఒక నల్లతుమ్మ చెట్టుండేది. దాని మొదట్లో వేళ్ళ మధ్య సగం పాతుకుపోయిన రాయి, నెత్తిన గుర్తు. మేం పిల్లలం ఆ గుర్తులో తుమ్మబంక పెట్టి ఆడుకునేవాళ్ళం. మా ఇళ్ళ ఆడవాళ్ళిద్దరూ ఆ చెట్టు నీడనే క్యారేజీలు విప్పుకుని కూరలు మార్చుకునేవాళ్ళు. కాశింబీ అత్త ఎవరినీ చెట్టెక్కించకుండానే పొడుగు కర్రతో కాయలు దులిపి మేకలకి వేసేది. నాకు ఊహ తెలిసేనాటికి ఆ చెట్టు గట్టు మీదే ఉంది, కాస్త మా వైపుకి. తొమ్మిదో ఏడు వచ్చేసరికి, గట్టుకీ చెట్టుకీ మధ్య నేను కాళ్ళు చాపుకుని కూర్చునేంత జాగా ఉంది. ఒకరోజు అట్లాగే కూర్చుని అన్నం తింటున్నాను. నాన్న, అమ్మ, నాయనమ్మ, కాశింబీ అత్త అంతా ఉన్నారు. "నాన్నా, ఈ చెట్టు గట్టు మీద గదా ఉండేది. మన చేలోకి ఎట్టా వచ్చింది?" అని అడిగాను.

కాశింబీ అత్త పకపకా నవ్వింది. "చెట్టుకి కాళ్ళొచ్చినయ్యేమోలే అమ్మాయ్, అన్నయ్య చేలో ఎరువు ఎక్కువని ఇటొచ్చింది" అంది. నాన్న కూడా నవ్వాడు. అమ్మ నవ్వలేదు. ముద్ద కలుపుతున్న చెయ్యి అట్లాగే ఆపి నా వైపు చూసింది. నాయనమ్మ ఇంకా అన్నం మిగిలి ఉండగానే క్యారేజీ గిన్నెలు ఒకదాని మీద ఒకటి పెట్టి బిగించేసింది. నేనేదో తప్పు మాట అన్నానని తెలిసింది గానీ, ఏం తప్పో తెలియలేదు. ఆ వారం తిరక్కుండానే నాన్న మనుషుల్ని పిలిపించి చెట్టు కొట్టించేశాడు. మొద్దు తవ్వించి, వేళ్ళు తగలబెట్టించి, ఆ గుంట పూడ్పించాడు. నీడకి పైరు ఎదగటం లేదన్నాడు. రాయి ఏమైందని ఎవరూ అడగలేదు. కాశింబీ అత్త మేకల్ని తోలుకొచ్చి, ఖాళీగా ఉన్న ఆకాశం కేసి చూస్తూ నిలబడింది. "ఒక్క మాట ముందు చెప్తే కాయలన్నా దులుపుకునేదాన్ని గదా అన్నయ్యా" అంది.

పది రోజుల తర్వాత నాన్న వడ్రంగి దగ్గర నుంచి ఒక పీట తెచ్చి నా ముందు పెట్టాడు. ఎర్రగా, నున్నగా, మంచి బరువుతో ఉంది. "చెట్టు ఎక్కడికొచ్చిందని అడిగావు గదా. ఇదిగో, మనింట్లోకొచ్చింది. ఇక కూర్చుని తిను" అన్నాడు. గొంతులో కోపం లేదు. తల కూడా నిమిరాడు. నేను ఆ పీట మీద కూర్చుని అన్నం తిన్నాను. ఆ రోజు నుంచి గట్టు గురించి ఎవరినీ ఏమీ అడగలేదు. నేను అడిగితే చెట్లు పడిపోతాయని నాకు అర్థమైంది. భయమేసింది, అంతకంటే సిగ్గుచేటు సంగతేమిటంటే, కొత్త పీట చూసి సంతోషం కూడా వేసింది.

అమ్మకి తెలుసని ఇప్పుడు నమ్మకంగా చెప్పగలను. ఏటా మిరపకాయలు ఆరాక, ఎవరికీ పంపకముందే ఒక నిండు గంప కాశింబీ అత్త ఇంటికి నాచేత పంపించేది. కందులు వస్తే కందులు, జొన్నలు వస్తే జొన్నలు. నాన్న అరుగు మీద కూర్చుని చూసి కూడా ఎందుకని అడిగేవాడు కాదు. తన చెల్లెళ్ళకి శేరు ఎక్కువ కొలిస్తే ఊరుకునే మనిషి కాదు నాన్న. "మీ అమ్మ చెయ్యి పెద్దదే" అని కాశింబీ అత్త మురిసిపోతూ, నా చేతిలో బెల్లంముక్క పెట్టేది. నేను అది చప్పరిస్తూ ఇంటికొచ్చేదాన్ని.

నాకు కొత్తగా ఉద్యోగం వచ్చిన ఏడు నాగూరు మామ తన చేను కొలిపించుకున్నాడు. గొలుసు పెట్టి కొలిస్తే ఎకరన్నరకి పద్నాలుగు సెంట్లు తగ్గింది. డొంక తిన్నదేమోనని కొందరన్నారు, డొంక ఉన్నంత వెడల్పూ అట్లాగే ఉంది. కాశింబీ అత్తకి వేరే అనుమానం వచ్చింది, మొగుడు తనకి చెప్పకుండా ఆ ముక్క మా నాన్నకి అమ్ముకున్నాడని. ఊళ్ళు తిరిగే మనిషి, ఎక్కడ ఎవరికి ఏం పెడుతున్నాడో ఎవరికి తెలుసు. ఒక సాయంత్రం మా ఇంటికొచ్చి గుమ్మం దగ్గర నిలబడి అడిగింది. "అన్నయ్యా, నిజం చెప్పు. ఆయన నీకు అమ్మాడా?" నేను సెలవుకి వచ్చి ఉన్నాను, లోపలి గదిలో నుంచి వింటున్నాను. నాన్న అమ్మాడనలేదు, అమ్మలేదనలేదు. "నన్నడుగుతావేంటమ్మా, నీ మొగుణ్ణి అడుగు" అన్నాడు. నేను బయటికొచ్చి ఒక్క మాట చెప్పి ఉండొచ్చు. చేతిలో పుస్తకం పట్టుకుని, పేజీ తిప్పకుండా, ఆమె చెప్పుల చప్పుడు వీధి చివర దాకా విన్నాను.

ఆ వేసవిలో నాగూరు మామ ఎప్పట్లాగే విల్లు పట్టుకుని వచ్చాడు. పరుపులు విప్పాడు, ఏకాడు, తనే కుట్టుకున్నాడు. అమ్మ విస్తరి వేస్తే, "కడుపులో బాగాలేదు చెల్లాయ్" అని కాసిని మంచినీళ్ళు తాగి లేచాడు. వెళ్ళేటప్పుడు నాన్న ముందు కాసేపు నిలబడ్డాడు. నిప్పులాంటి బావని ఏమని అడుగుతాడు. ఆ తర్వాత మా గుమ్మం తొక్కలేదు. ఆ ఏటి నుంచి నాన్న కూడా గట్టు చెక్కటం మానేశాడు. మామ మరి నాలుగేళ్ళు బతికాడు. "నేను అమ్మలేదు మొర్రో" అంటూనే పోయాడని అమ్మ ఉత్తరం రాసింది. తర్వాత ఎన్నో ఏళ్ళకి నాన్న పోయినప్పుడు ఊరు ఊరంతా పాడె వెంట నడిచింది, కాశింబీ అత్త అన్నయ్యా అని గుండెలు బాదుకుని ఏడ్చింది.

ఇవన్నీ తలుచుకుంటూ ఆ సాయంత్రం రాఘవ వెంట గొడ్ల చావిట్లోకి వెళ్ళాను. ఇప్పుడు గొడ్లు లేవు, ట్రాక్టరు ఉంది. మూల మిరపకాయల టిక్కీ బస్తాలు తీసి చూపించాడు. రాయికి ఇంకా తడిమట్టి అంటుకుని ఉంది. గుర్తు గాట్లలో మసి, తుమ్మవేళ్ళు కాల్చినప్పటిది. "చూడక్కా, నేనేం చెయ్యలేదు. నాన్న ఇచ్చిన పొలం ఇచ్చినట్టు చేస్తన్నా. నాలుగు బోర్లేస్తే ఒకటి పడింది. ఇప్పుడీ రాయి తీసుకెళ్ళి వాగులో పడేస్తే ఎవడికీ నష్టం లేదు. కాశింబత్తే ఆ ముక్క మనదని ఒప్పుకుంటా ఉంది. నాన్న పేరెందుకు బజారున పడెయ్యటం?" అన్నాడు. వాడి కళ్ళల్లో దొంగతనం కనపడలేదు, అలుపే కనపడింది. చోటు నుంచి లేపేశాక ఆ రాయి ఇక దేనికీ సాక్ష్యం కాదని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. రాఘవ అప్పటికి ఊహ తెలియని పసివాడు, అది ఎక్కడుండేదో చూసిన వాళ్ళలో బతికున్నది కాశింబీ అత్తా, నేనూ. గట్టు జానెడు జానెడుగా జరగటంతో ఆమెకి ఆ చెట్టు మా చేలోదనే గుర్తు.

చీకటి పడకముందే ఆమె నన్ను చూడ్డానికి వచ్చింది. నడుం బాగా వంగింది. ఒళ్ళో కాసిని కందికాయలు తెచ్చింది, ఉడకబెట్టుకోమని. "ఒంగోలు నీళ్ళు నీకు పడినట్టు లేవమ్మాయ్, చిక్కిపోయావ్" అంది. కాసేపు మేకల గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పి, లేవబోతూ నా చెయ్యి పట్టుకుంది. "రేపు సర్వే వాళ్ళకి నేనే చెప్తాలే, హద్దు ఇదేనని. మీ నాన్న పెద్దమనిషి, నా మొగుడు చేసిన పనికి మీకెందుకు ఇబ్బంది. పోయినాయన్ని ఇంకా తవ్వి ఏం లాభం" అంది. అరచెయ్యి గరుకుగా, వెచ్చగా ఉంది. నాకు ఆ చెయ్యి విదిలించుకుని పరిగెత్తాలనిపించింది. నేను నోరు మూసుకుని నిలబడితే చాలు, అంతా అయిపోతుంది. నా వల్ల కావలసింది అంతే, ఎప్పుడూ చేస్తూ వచ్చిన పనే.

పొద్దున్నే చేలోకి వెళ్ళాం. మా చేలో పత్తికట్టె కోయించేశాడు రాఘవ, నల్లటి నేల మీద మోళ్ళు మిగిలాయి. గట్టుకి అవతల కాశింబీ అత్త కౌలుకిచ్చిన చేలో మిరప ఎర్రగా ఉంది. సర్వేయరు ఇరవై అయిదేళ్ళ అమ్మాయి, టోపీ పెట్టుకుని, గొడుగులాంటి పరికరం బిగించిన కర్ర పట్టుకుని వచ్చింది. పైన ఉపగ్రహాలతో మాట్లాడుకుని అది వేలెడు తేడా లేకుండా కొలుస్తుందట. మా చిన్నప్పుడు గొలుసు ఎండకి సాగేది, కొలిచేవాడు ఎవరి ఇంట్లో భోంచేస్తే అటు వంగేది. ఇప్పుడు యంత్రానికి ఏ వంకరా లేదు. కానీ ఆ అమ్మాయి కూడా కర్ర చేత్తో పట్టుకుని గట్టు మొదట్లో నిలబడి, "హద్దు ఎక్కడండీ?" అనే అడిగింది. ఎంత ఆకాశం నుంచి కొలిచినా, కర్ర ఎక్కడ గుచ్చాలో ఒక మనిషే చెప్పాలి.

"ఈ గట్టేనండి" అన్నాడు రాఘవ. "అంతేనామ్మా?" అని ఆ అమ్మాయి కాశింబీ అత్తని అడిగింది. "అంతేనమ్మా, ఇదే. కాయితంలో పద్నాలుగు సెంట్లు ఎక్కువుంటది, అది పట్టించుకోబాకండి. మా ఆయన వీళ్ళ నాన్నకి అమ్ముకున్నాడు. తాగుబోతు గాదు గానీ, పెళ్ళాం దగ్గర మాట దాచే మనిషి" అంది అత్త, ఎంతో మామూలుగా, నలభై ఏళ్ళుగా అరిగిపోయిన మాట చెప్పినట్టు. అత్త బొటనవేలు యంత్రం మీద పెట్టించుకున్నారు. సర్వేయరమ్మాయి ట్యాబు నా చేతికిచ్చింది. తెర మీద మా చేనూ వాళ్ళ చేనూ, మధ్యలో తిన్నగా ఎర్రగీత. "వేలితో సంతకం గీయండి మేడమ్" అంది. మంచినీళ్ళు తాగి విస్తరి ముందు నుంచి లేచిన నాగూరు మామ నా కళ్ళ ముందు కదిలాడు. నా వేలు తెర దాకా వెళ్ళి ఆగింది.

"హద్దు ఇది కాదు" అన్నాను. రాఘవ "అక్కా" అన్నాడు, మెల్లగా. నేను వాడి వైపు చూడలేదు, చూస్తే ఆగిపోతానని. పూడ్చిన గుంట ఉన్న చోటు చూపించి, "తుమ్మచెట్టు హద్దు. అక్కడుండేది" అన్నాను. కాశింబీ అత్త నా మొహం కేసి వింతగా చూసింది. "మీ నాన్న కొట్టించిన చెట్టా? అది మీ చేలోది గదమ్మాయ్." "కాదత్తా. గట్టు మీదిది. దాని మొదట్లో రాయుండేది. ఆ రాయి ఇప్పుడు మా చావిట్లో ఉంది. మామ అమ్మలేదు. నాన్న కొనలేదు. మామ ఊళ్ళు తిరగటానికి పోయినప్పుడల్లా నాన్న గట్టు జరిపాడు. ఏడాదికి జానెడు. నేను చూశాను."

అవతలి చేలో కాయలు కోస్తున్న ఆడవాళ్ళు పాట ఆపి ఇటే చూస్తున్నారు. సర్వేయరమ్మాయి ట్యాబు నా చేతిలో నుంచి తీసుకుని, వివాదం అని రాసుకుంటానని, ఇద్దరూ కాయితాలు తెచ్చుకుంటే మళ్ళీ వస్తానని చెప్పి, కర్ర మడుచుకుంది. రాఘవ ట్రాక్టరు దగ్గరికి వెళ్ళిపోయాడు. నేను ఇది రాసే నాటికి కూడా వాడు నాతో మాట్లాడటం లేదు. వాడి కోపంలో కొంత న్యాయం ఉంది. నాన్న పేరు నేను ఒక్కదాన్నే దించాను, దాని బరువు ఊళ్ళో రోజూ మొయ్యాల్సింది వాడు.

కాశింబీ అత్త గట్టు దాటి మా చేలోకి వచ్చింది. మోళ్ళ మధ్య జాగ్రత్తగా అడుగులేసుకుంటూ, పూడ్చిన గుంట దగ్గర ఆగి, మోకాళ్ళు పట్టుకుని నేల మీద కూర్చుంది. కొత్త మట్టిని అరచేత్తో ఒకసారి సాపు చేసింది. నేను దగ్గరికి వెళ్ళాను. తలెత్తకుండానే అడిగింది.

"నీకెప్పటి నించి తెలుసు?"

"తొమ్మిదేళ్ళప్పటి నించి" అన్నాను.

ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండునని నేను ఎదురు చూశాను. మా నాన్నని కూడా ఏమీ అనలేదు. ఆ మట్టినే చూస్తూ, తనలో తను అనుకుంటున్నట్టు చెప్పింది. "పొయ్యేరోజు గూడా అడిగాడు. ఇప్పుడన్నా నమ్మతావా కాశింబీ, అని. నేను గోడవైపు తిరిగి కూర్చున్నా. నోట్లో నీళ్ళు మా చెల్లెలు పోసింది, నేను పొయ్యలా." తర్వాత నా మొహం కేసి చూసింది. "పొలం సంగతి మీరూ మీరూ చూసుకోండమ్మాయ్. ఆయనకి నేనేం జెప్పుకోవాల?"

నేను చెయ్యి అందించబోతే పట్టుకోలేదు. తనే నేల మీద చెయ్యి ఊని లేచింది. గట్టెక్కి పోతే దారి సుఖంగా ఉండేది. ఆమె గట్టెక్కలేదు. చెట్టున్న చోటు నుంచి చేను చివరి దాకా, పత్తిమోళ్ళు పాదాలకి గుచ్చుకుంటున్నా, ఆ పదిహేనడుగుల నేల మీదే నడుచుకుంటూ వెళ్ళింది.